కెపాసిటీలో సగం బొగ్గుది కాదు, కరెంటులో 70 శాతం మాత్రం బొగ్గుదే: ఈ లెక్క ఎలా కుదిరింది?

2025 జూలైలో కేంద్ర ప్రభుత్వం ఒక లెక్క చెప్పింది. దేశంలో కరెంటు తయారుచేసే మొత్తం సామర్థ్యం దాదాపు 4.85 లక్షల మెగావాట్లు, అందులో సగం బొగ్గూ గ్యాసూ కాల్చనిది, అంటే సోలార్, గాలి, జలవిద్యుత్, అణువిద్యుత్ లాంటివి. ఇది చదివి కొందరు ఇక బొగ్గు పని అయిపోయినట్టే అనుకున్నారు. 2024-25లో దేశంలో తయారైన కరెంటులో నూటికి 70కి పైగా యూనిట్లు బొగ్గు నుంచే వచ్చాయన్నది ఇంకో లెక్క. దీన్ని పట్టుకుని సోలార్ అంతా ఉత్త ప్రచారం అనేవాళ్ళూ ఉన్నారు. రెండు లెక్కలూ నిజమే. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం అయిపోవాలనుకోవడం దగ్గరే చిక్కు.

మన దగ్గర ఈ గందరగోళం ఇంకాస్త ఎక్కువ. ఒకపక్క సోలార్ యూనిట్ రెండున్నర రూపాయలకే వస్తోందంటారు, ఇంకోపక్క నల్గొండ జిల్లా దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం కడతారు, మరి ఆంధ్రలో చూస్తే ఇంటి బిల్లులో ఇంధన సర్దుబాటు చార్జీ అని యూనిట్‌కి కొన్ని పైసలు వచ్చి కూర్చుంటుంది. అంత చవక కరెంటు ఉంటే ఈ బొగ్గు ఎందుకు, ఈ సర్దుబాటు ఎందుకు అని ఎవరికైనా అనిపిస్తుంది. అందుకే మొదటి నుంచి వద్దాం.

మెగావాట్ వేరు, యూనిట్ వేరు

మెగావాట్ అంటే ఒక ప్లాంటు ఆ క్షణంలో ఎంత కరెంటు ఇవ్వగలదు అన్నది. యూనిట్ అంటే అది నిజంగా ఎంత ఇచ్చింది అన్నది. 1,000 మెగావాట్ల ప్లాంటు ఒక గంటపాటు పూర్తి లోడుతో నడిస్తే 10 లక్షల యూనిట్లు, రోజంతా అలాగే నడిస్తే 2.4 కోట్ల యూనిట్లు వస్తాయి.

ఇప్పుడు కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్కును తీసుకోండి, సామర్థ్యం 1,000 మెగావాట్లు. రాత్రి సున్నా, పొద్దున పది దాటాక ఊపు, సాయంత్రం ఐదుకి మళ్ళీ కిందికి. ఏడాది సగటు తీస్తే సోలార్ ప్లాంట్లు పూర్తి సామర్థ్యంలో 22 నుంచి 25 శాతం దాకా ఇస్తాయి. 24 శాతం అనుకుంటే రోజుకి సుమారు 58 లక్షల యూనిట్లు. అదే 1,000 మెగావాట్ల బొగ్గు ప్లాంటు 70 శాతం లోడుతో నడిస్తే 168 లక్షల యూనిట్లు. కాగితం మీద రెండూ 1,000 మెగావాట్లే, చేతికొచ్చే కరెంటులో మాత్రం మూడు రెట్ల తేడా. ఇలా ఎంత శాతం నడిచింది అన్నదాన్ని బొగ్గు ప్లాంట్ల దగ్గర పీఎల్ఎఫ్ (ప్లాంట్ లోడ్ ఫ్యాక్టర్) అంటారు, పేపర్లలో జెన్‌కో (రాష్ట్ర ప్రభుత్వ కరెంటు తయారీ సంస్థ) వార్తలు చదివేవాళ్ళకి ఈ మాట కొత్తేం కాదు.

కాబట్టి కెపాసిటీలో సగం, యూనిట్లలో నూటికి 70 అన్న లెక్కలో మాయ ఏమీ లేదు. ఇంతవరకూ తేలికే. అసలు సంగతి యూనిట్లు ఎన్ని అన్నదాని కంటే ఆ యూనిట్లు ఏ గంటలో వచ్చాయి అన్నదానిలో ఉంది, బొగ్గు గురించి జరిగే వాదనల్లో ఎక్కువ భాగం ఈ గంట సంగతి దాటేసి జరుగుతాయి.

ఒక్క యూనిట్, ఒక్క రోజు: రామగుండం లెక్క

రామగుండం ఎన్టీపీసీలో 1983 నుంచి దశలవారీగా వచ్చిన పాత యూనిట్లు ఏడు, 200 మెగావాట్లవి మూడు, 500వి నాలుగు, మొత్తం 2,600. (ఇక్కడ యూనిట్ అంటే ఒక బాయిలర్, ఒక టర్బైన్, ఒక జనరేటర్ ఉన్న సెట్టు. మన మీటరు యూనిట్ కాదు.) ఒక 500 మెగావాట్ల సెట్టు రోజంతా పూర్తి లోడుతో నడిచిందనుకుందాం, 1.2 కోట్ల యూనిట్ల కరెంటు.

మన బొగ్గుతో ఒక యూనిట్ కరెంటుకి సుమారు 650 గ్రాముల బొగ్గు పోతుంది. అంటే ఈ ఒక్క సెట్టుకి రోజుకి 7,800 టన్నులు. ఒక గూడ్సు రేక్‌లో 58, 59 వ్యాగన్లు, సుమారు 4,000 టన్నులు పడతాయి కాబట్టి రోజుకి రెండు రేకులు. రామగుండానికి ఉన్న అదృష్టం ఏంటంటే సింగరేణి గనులు పక్కనే, రైల్వే వాళ్ళ మీద ఆధారపడకుండా గని దగ్గర నింపుకుని ప్లాంటులో ఖాళీ చేసి తిరిగి పోయే సొంత రైలు మార్గం ఉంది, వ్యాగన్ కింది తలుపులు తెరుచుకుంటే బొగ్గు నేరుగా పట్టాల కింద ఉన్న గుంటలోకి జారిపోతుంది. అదే కడప జిల్లా ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రం చూడండి, చుట్టుపక్కల ఎక్కడా బొగ్గు లేదు, వందల కిలోమీటర్లు రైల్లో రావాలి. కృష్ణపట్నానికైతే ఓడల్లో వస్తుంది. ఒక ప్లాంటు కరెంటు చవగ్గానూ ఇంకోదానిది ఖరీదుగానూ ఉండటానికి పెద్ద కారణం ఈ దూరమే. దామరచర్ల విషయంలో మొదటి నుంచీ వస్తున్న విమర్శల్లో ఇదొకటి: గనులకి అంత దూరంలో ఎందుకు కట్టారు అని.

వచ్చిన బొగ్గుని మిల్లుల్లో పొడి చేస్తారు, అందులో 70 శాతం పైగా 75 మైక్రాన్ల జల్లెడలోంచి జారిపోయేంత మెత్తగా. ఆ పొడిని వేడి గాలితో బాయిలర్‌లోకి ఊదితే అక్కడ మండుతుంది. నీళ్ళు 540 డిగ్రీల వేడి ఆవిరై టర్బైన్‌ని నిమిషానికి 3,000 సార్లు తిప్పుతాయి. జనరేటర్ దగ్గర 21 వేల వోల్టుల్లో పుట్టిన కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కి 4 లక్షల వోల్టులై లైన్ల మీద పడుతుంది. ఇంత హడావుడీ అయ్యాక బొగ్గులో ఉన్న వేడిలో కరెంటుగా మారేది 35 నుంచి 38 శాతమే, ఇంకా ఎక్కువ ఒత్తిడి, వేడి ఉన్న ఆవిరితో నడిచే కొత్త సూపర్ క్రిటికల్ ప్లాంట్లలో 40 దాకా పోవచ్చు. మిగిలిన వేడంతా చిమ్నీలోంచీ, కూలింగ్ టవర్లలోంచీ గాల్లో కలిసిపోతుంది.

విజయవాడ నుంచి హైదరాబాద్ హైవే మీద వెళ్తుంటే ఇబ్రహీంపట్నం దగ్గర లావుపాటి టవర్ల నుంచి తెల్లగా మబ్బులా లేస్తుంది చూడండి, దాన్ని చాలామంది పొగ అనుకుంటారు. అది ఉత్త నీటి ఆవిరి. పొగ వచ్చేది పక్కనే సన్నగా ఎత్తుగా ఉండే చిమ్నీలోంచి, అది చాలాసార్లు కంటికి సరిగ్గా కనపడదు కూడా. కనపడేది అమాయకం, కనపడనిదే అసలు సమస్య.

మన 500 మెగావాట్ల సెట్టు దగ్గరికి మళ్ళీ వస్తే, ఆ 7,800 టన్నుల బొగ్గులో మూడో వంతుకు పైగా బూడిదే, అంటే రోజుకి 3,000 టన్నులకి అటూ ఇటూ. యూనిట్‌కి మూడున్నర లీటర్ల నీళ్ళు అనుకుంటే రోజుకి 4.2 కోట్ల లీటర్లు. యూనిట్‌కి కిలోకి కాస్త తక్కువగా కార్బన్ డయాక్సైడ్, రోజుకి 11 వేల టన్నుల పైచిలుకు. ఒక్క సెట్టు, ఒక్క రోజు.

ఆపడం తేలికే, మళ్ళీ లేపడమే కష్టం

మధ్యాహ్నం సోలార్ పుష్కలంగా ఉంది కదా, ఆ టైములో బొగ్గు ప్లాంట్లు ఆపేసి సాయంత్రం మళ్ళీ వేసుకోవచ్చుగా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చల్లబడిపోయిన బాయిలర్‌ని మళ్ళీ లైటప్ చేయాలంటే ముందు ఖరీదైన ఆయిల్‌తో మండించాలి, తర్వాత మెల్లమెల్లగా వేడి ఎక్కించాలి, తొందరపడితే మందపాటి లోహపు గొట్టాలు లోపలొక రకంగా బయటొక రకంగా వ్యాకోచించి పగుళ్ళిస్తాయి. పూర్తిగా చల్లారిన యూనిట్ గ్రిడ్‌తో (అంటే ప్లాంట్లన్నిటినీ కలిపే కరెంటు లైన్ల వలతో) సింక్రనైజ్ అయ్యి ఫుల్ లోడుకి రావడానికి ఎనిమిది, పది గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. మధ్యాహ్నం ఒంటిగంటకి ఆపి సాయంత్రం ఆరుకి లేపడం అందుకే కుదరదు.

ఇప్పుడు చేసేది ఏంటంటే మధ్యాహ్నం లోడు తగ్గిస్తారు, బ్యాకింగ్ డౌన్ అంటారు. ఎంతవరకు తగ్గించాలి అన్నదాని మీద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో నిబంధనలు పెట్టింది: ముందు 55 శాతం దాకా, తర్వాత దశలవారీగా 40 శాతం దాకా దిగగలగాలి అని. 500 మెగావాట్ల సెట్టు అయితే మొదటి దశలో 275 దగ్గర, తర్వాత 200 దగ్గర ఆగి నడుస్తుండాలన్నమాట. అంతకంటే కిందికి దిగితే మంట నిలకడ తప్పుతుంది, ఆయిల్ కలపాల్సి వస్తుంది. పాత యూనిట్లని రోజూ ఇలా దించి ఎక్కిస్తుంటే వాటి ఆయుష్షు తగ్గుతుందని ప్లాంటు ఇంజినీర్లు అంటారు, ఆ మాటలో నిజముంది. 1979లో మొదలైన విజయవాడ థర్మల్ పాత యూనిట్లు కట్టినప్పుడు ఎవరూ రోజూ మధ్యాహ్నం తగ్గించి రాత్రి పెంచడానికని డిజైన్ చేయలేదు, మొదలెడితే మళ్ళీ ఓవర్‌హాలింగ్ దాకా ఏకధాటిగా నడవాలన్నదే అప్పటి ఆలోచన.

జలవిద్యుత్ సంగతి వేరు. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో 150 మెగావాట్లవి ఆరు యూనిట్లున్నాయి, గేటు తీస్తే నిమిషాల్లో లోడు అందుకుంటాయి. కాకపోతే ఆ నీళ్ళు ఎవరివి, ఎప్పుడు వదలాలి అన్న పంచాయితీ రెండు రాష్ట్రాల మధ్య ఎప్పుడూ ఉండేదే. గ్యాస్ ప్లాంట్లు కూడా త్వరగానే లేస్తాయి, అయితే కేజీ బేసిన్ డీ6 గ్యాస్‌ని నమ్ముకుని కట్టిన మన గ్యాస్ ప్లాంట్లు ఆ గ్యాస్ తగ్గిపోయి 2013 నుంచి చాలావరకు మూతపడ్డాయి. బ్రిటన్ 2024 సెప్టెంబర్ 30న తన చివరి బొగ్గు కేంద్రం రాట్‌క్లిఫ్‌ని మూసేసిందని మనకి ఉదాహరణగా చెప్తుంటారు. వాళ్ళకి గాలి కరెంటుతోపాటు గ్యాస్ కూడా అందుబాటులో ఉంది, ఆ రెండోది మనకి లేదు. పోలిక పెట్టేటప్పుడు ఇది మర్చిపోతుంటారు.

50 అనే అంకె

గ్రిడ్‌లో ప్రతి క్షణం ఎంత వాడుతున్నారో సరిగ్గా అంతే తయారవ్వాలి. సరిపోయిందా లేదా అన్నది ఫ్రీక్వెన్సీ చెప్తుంది, మన దేశంలో అది సెకనుకి 50, అంటే 50 హెర్ట్జ్. వాడకం ఎక్కువై తయారీ తక్కువైతే 50 కిందికి జారుతుంది. 49.90 నుంచి 50.05 మధ్య ఉంచాలని రూలు. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ఉన్న లోడ్ డిస్పాచ్ సెంటర్లలో వాళ్ళు రాత్రీ పగలూ చూసేది ఈ అంకెనే.

బొగ్గు ప్లాంటుకి ఇక్కడ ఒక అదనపు ఉపయోగం ఉంది. టర్బైన్, జనరేటర్ కలిసి బోలెడు బరువున్న ఇనుము, అది 3,000 చుట్ల వేగంతో తిరుగుతోంది. ఎక్కడో ఒక పెద్ద యూనిట్ ట్రిప్ అయి ఒక్కసారిగా 800 మెగావాట్లు పోయాయనుకోండి, మిగిలిన ప్లాంట్లలో తిరుగుతున్న ఈ బరువులన్నీ తమ ఊపులోంచి కాస్త శక్తిని గ్రిడ్‌కి ఇచ్చి ఫ్రీక్వెన్సీ దభాలున పడిపోకుండా కొన్ని సెకన్లు ఆపుతాయి. ఆ సెకన్లలో మిగతా ఏర్పాట్లు అందుకుంటాయి. సోలార్ ప్యానెల్‌లో తిరిగేది ఏమీ లేదు కాబట్టి ఈ గుణం దానికి సహజంగా రాదు. బ్యాటరీలతో, కొత్తరకం ఇన్వర్టర్లతో, ఇంధనం లేకుండా ఊరికే తిరిగే సింక్రనస్ కండెన్సర్లతో దాన్ని కొంతవరకు రప్పించొచ్చు, కొన్ని దేశాల్లో చేస్తున్నారు కూడా.

2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ చీకట్లో పడినప్పుడు చాలామంది వెంటనే సోలార్ మీదకి తోసేశారు. విచారణలో తేలింది ప్రధానంగా వోల్టేజీ అదుపు తప్పడం. అటు బొగ్గు ఉంటే గ్రిడ్ పడదన్న గ్యారంటీ కూడా లేదు: 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తరాది గ్రిడ్ కుప్పకూలినప్పుడు, రెండో రోజు 60 కోట్ల మందికి కరెంటు పోయినప్పుడు, మన దగ్గర సోలార్ ఉందా అంటే నామమాత్రం. అప్పటికి దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలవలేదు, 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ లైనుతోనే కలిసింది కాబట్టి మనం తప్పించుకున్నాం.

నడవకపోయినా కట్టే డబ్బు

బిల్లు పెరగడానికి, బొగ్గుకి ఉన్న సంబంధం ఇక్కడ ఉంది. థర్మల్ ప్లాంటుతో డిస్కం, అంటే మనకి కరెంటు పంచే సంస్థ, చేసుకునే ఒప్పందంలో ధర రెండు ముక్కలు. ఒకటి ఫిక్స్‌డ్ చార్జీ: కట్టడానికి చేసిన అప్పు, వడ్డీ, జీతాలు, లాభం. రెండోది వేరియబుల్ చార్జీ: బొగ్గు, రవాణా ఖర్చు. ప్లాంటు సిద్ధంగా ఉంటే చాలు, కరెంటు తీసుకున్నా తీసుకోకపోయినా మొదటిది కట్టాల్సిందే, పిల్లాడు జ్వరం వచ్చి పది రోజులు బడికి వెళ్ళకపోయినా స్కూల్ ఆటోకి నెల డబ్బులు కట్టినట్టు.

ఒక ఊహా లెక్క వేద్దాం. 800 మెగావాట్ల ప్లాంటు ఏడాదికి 85 శాతం నడిస్తే సుమారు 596 కోట్ల యూనిట్లు. ఫిక్స్‌డ్ చార్జీ యూనిట్‌కి రూ.1.70 పడిందనుకుంటే మొత్తం సుమారు రూ.1,013 కోట్లు. వేరియబుల్ రూ.3.40. కలిపితే రూ.5.10. మధ్యాహ్నాలు సోలార్ వచ్చి దీన్ని పక్కకి నెడితే, ఏడాదికి 55 శాతమే నడిస్తే, యూనిట్లు 385 కోట్లకి పడిపోతాయి కానీ రూ.1,013 కోట్లు అలాగే ఉంటాయి, యూనిట్‌కి రూ.2.63. తక్కువ లోడులో బొగ్గు కూడా కాస్త ఎక్కువ తాగుతుంది కాబట్టి వేరియబుల్ రూ.3.55 అనుకుందాం, మొత్తం రూ.6.18. ఇక సాయంత్రాలకి మాత్రమే అని 25 శాతానికి దించేస్తే ఫిక్స్‌డ్ ఒక్కటే రూ.5.78, కలిపి రూ.9 దాటిపోతుంది.

దీన్ని రెండు వైపులవాళ్ళూ తమకి అనుకూలంగా వాడుకుంటారు. సోలార్ చవక అని చెప్పి బొగ్గు ప్లాంటు మీద ఖర్చు పెంచుతున్నారు అని ఒకరు, ఏడాదిలో పావువంతు నడిచే ప్లాంటుకి పాతికేళ్ళ ఒప్పందం చేసుకుని జనం మీద రుద్దుతున్నారు అని ఇంకొకరు. లెక్క మాత్రం ఇద్దరికీ ఒకటే. రూ.9 కరెంటు అంటే అన్యాయం అనిపిస్తుంది, అయితే కరెంటు కొనీ అమ్మీ చేసే ఎనర్జీ ఎక్స్ఛేంజీలో కొరత రోజుల్లో సాయంత్రం పూట ధర గరిష్ఠ పరిమితి అయిన రూ.10 దగ్గర తగులుతుంటుంది, ఆ ధరకి కూడా దొరకని రోజులుంటాయి. అదే ఎక్స్ఛేంజీలో ఎండాకాలం మధ్యాహ్నం రూపాయి, రెండు రూపాయలకి అడిగేవాళ్ళు లేక పడుంటుంది. ఒకే రోజు, ఒకే తీగ, ఆరు గంటల తేడాలో ఇంత ధర తేడా.

ఇక ఇంధన సర్దుబాటు చార్జీ అంటే వేరియబుల్ ముక్క అనుకున్నదానికంటే పెరిగినప్పుడు ఆ తేడా వసూలు చేసుకోవడం. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో విదేశీ బొగ్గు ధర ఆకాశానికి వెళ్ళింది, దేశంలో బొగ్గు చాలక కేంద్రం పది శాతం విదేశీ బొగ్గు కలపమంది, ఆ ఖర్చంతా తర్వాత ఏళ్ళలో బిల్లులోకి దిగింది. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే ఆంధ్రలో పరిశ్రమలకి పవర్ హాలిడే కూడా ఇచ్చారు. బొగ్గు అంటే నమ్మకమైన కరెంటు అనేవాళ్ళు ఆ ఏప్రిల్‌ని, అంతకు ఆరు నెలల ముందు 2021 అక్టోబర్‌లో వానలకి గనుల్లో నీళ్ళు చేరి ప్లాంట్ల దగ్గర నిల్వలు అడుగంటిన సంగతినీ కూడా గుర్తుంచుకోవాలి.

మార్చి రాత్రి: మన అసలు పరీక్ష

దేశం మొత్తం మీద అప్పటిదాకా లేనంత డిమాండ్ 2024 మే 30న వచ్చింది, 2.5 లక్షల మెగావాట్లు, ఉత్తరాది వడగాడ్పులకి ఏసీలు, కూలర్లు తిరిగి. తెలంగాణ కథ అలా ఉండదు. ఇక్కడ పీక్ మార్చిలో వస్తుంది, 2025 మార్చిలో 17 వేల మెగావాట్లు దాటింది. కారణం యాసంగి వరి. లక్షల బోర్లు, మోటార్లు, పైన ముదురుతున్న ఎండ. కోతలు మొదలయ్యాక, ఎండ ఇంకా పెరిగినా డిమాండ్ దిగుతుంది.

మోటార్లు పగలు నడిస్తే సోలార్‌కి అంతకంటే మంచి జోడీ లేదు. ఆంధ్రలో వ్యవసాయానికి పగటిపూట తొమ్మిది గంటలు అనేది ఈ రకంగా బాగా కలిసొచ్చే ఏర్పాటు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది, రైతుకి అది పెద్ద ఊరటే, రాత్రిపూట చేలో పాముల మధ్య టార్చిలైటు పట్టుకుని మోటారు వేసే బాధ తప్పింది. అయితే మోటారుకి ఆటో స్టార్టర్ ఉంటే కరెంటున్నంతసేపూ అది తిరుగుతూనే ఉంటుంది, రాత్రి రెండింటికి కూడా, ఆ రాత్రి రెండింటి యూనిట్ మాత్రం బొగ్గుదే. ఆటో స్టార్టర్లు తీసేయమని డిస్కంలు ఊళ్ళలో ప్రచారం చేసింది అందుకే, భూగర్భజలం కోసం కూడా.

ఏడాది పొడవునా చూస్తే ఒక తమాషా కనపడుతుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మబ్బులు పట్టి సోలార్ తగ్గుతుంది, కానీ అప్పుడే అనంతపురం, కర్నూలు కొండల మీద గాలిమరలు జోరు మీదుంటాయి, ఆ తర్వాత శ్రీశైలం నిండుతుంది. వానాకాలం ఒకదాని లోటు ఇంకోటి కొంత పూడుస్తుంది. ఫిబ్రవరి, మార్చి రాత్రుల్లో గాలీ లేదు, రిజర్వాయర్లలో నీళ్ళూ తక్కువ, ఎండ ఎటూ లేదు, వాడకం మాత్రం ఎక్కువే. రాష్ట్రానికి ఎంత బొగ్గు కావాలి అన్న ప్రశ్నకి జవాబు వెతకాల్సింది ఆ రాత్రుల్లో అని నా ఉద్దేశం, ఏడాది సగటుల్లో కాదు.

ఉండాలనేవాళ్ళు, వద్దనేవాళ్ళు

బొగ్గు ఉండాలనేవాళ్ళ వాదన పైన చాలావరకు వచ్చేసింది. దానికి తోడు ఇంకో రెండు. మన దేశంలో తలసరి వాడకం ఏడాదికి 1,400 యూనిట్ల దగ్గరే ఉంది, ధనిక దేశాలతో పోలిస్తే చాలా తక్కువ, వాళ్ళు శతాబ్దంన్నర బొగ్గు కాల్చుకుని ఇప్పుడు మనల్ని ఆపమంటే ఎలా అన్నది ఒకటి. రెండోది బతుకుతెరువు: 1889లో ఇల్లందులో బొగ్గు తవ్వకం మొదలైన దగ్గర్నుంచి కొత్తగూడెం, మందమర్రి, బెల్లంపల్లి, గోదావరిఖని పట్టణాలు దాని చుట్టూనే పెరిగాయి. సింగరేణిలో ఇప్పటికీ 40 వేలమంది దాకా పర్మనెంట్ కార్మికులున్నారు, దసరాకి లాభాల వాటా ఎంత శాతం ప్రకటిస్తారా అని ఆ ఊళ్ళలో బట్టల షాపులవాళ్ళు కూడా ఎదురుచూస్తారు. 51 శాతం వాటా ఉన్న తెలంగాణ ప్రభుత్వానికి అది ఆదాయం కూడా.

కొత్త బొగ్గు ప్లాంట్లు వద్దనేవాళ్ళు ఉన్నవాటిని రేపే మూసేయమనడం లేదు, ఈ తేడా చర్చల్లో కొట్టుకుపోతుంటుంది. వాళ్ళు అనేది: ఉన్న ప్లాంట్లే దేశ సగటున 70 శాతానికి అటూ ఇటూ నడుస్తున్నాయి, వాటిని తగ్గించి పెంచి వాడుకుంటూ, కొత్త డబ్బు బ్యాటరీలకీ పంప్డ్ స్టోరేజీకీ పెట్టండి అని. 2024 డిసెంబర్‌లో సోలార్, బ్యాటరీ కలిపి వేసిన కేంద్ర టెండర్‌లో యూనిట్ మూడున్నర రూపాయల దగ్గరికి వచ్చింది, ఇప్పుడు కట్టే కొత్త థర్మల్ ప్లాంటు ఆ ధరకి ఇవ్వలేదు. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ వచ్చింది, పగలు సోలార్‌తో నీళ్ళు పైకి తోడి రాత్రి వదలడం. తోడటానికి 100 యూనిట్లు పెడితే తిరిగి 75 నుంచి 80 వస్తాయి, మధ్యాహ్నం రూపాయి కరెంటుకి ఆ నష్టం ఒక లెక్క కాదు.

బూడిద, పొగ, ఊళ్ళు

బొగ్గు ధర లెక్కల్లో కనపడని ఖర్చు ఊళ్ళ మీద పడుతుంది. బూడిద చెరువు ఎండితే గాలికి లేచి పక్క ఊళ్ళ ఇళ్ళలో, చేలల్లో పడుతుంది. 2010లో సోంపేటలో, 2011లో కాకరాపల్లిలో బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ ప్లాంట్లు వద్దని జనం ఎదురు తిరిగితే పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి, ఆ రెండు చోట్లా పోరాటం ఇప్పటికీ శ్రీకాకుళం జిల్లాలో మర్చిపోలేదు. మరోపక్క అదే బూడిద సిమెంటుకీ ఇటుకలకీ రోడ్లకీ పనికొస్తుందని తెలిశాక సరుకైపోయింది, 2024లో రాయలసీమ థర్మల్ బూడిద ఎవరి లారీలు తోలుకోవాలి అన్నదాని మీద తాడిపత్రి, జమ్మలమడుగు నాయకుల మధ్య రచ్చ రాష్ట్రమంతా చూసింది.

పొగ విషయంలో పెద్ద వివాదం సల్ఫర్ డయాక్సైడ్ మీద. దాన్ని పొగలోంచి కడిగేసే ఎఫ్‌జీడీ యంత్రాలు పెట్టాలని 2015 డిసెంబర్‌లో నిబంధన వచ్చింది, గడువు పెరుగుతూ పెరుగుతూ చివరికి 2025 జూలైలో దాదాపు 78 శాతం యూనిట్లకి మినహాయింపు ఇచ్చేశారు. మన బొగ్గులో గంధకం తక్కువ, గాలిలో ఆ వాయువు పరిమితి లోపలే ఉంది, యంత్రాలు పెడితే యూనిట్‌కి 25, 30 పైసలు పెరుగుతుంది అన్నది ప్రభుత్వ వాదన. ఆ వాయువు గాలిలో దూరం పోయి సన్నటి ధూళికణాలుగా మారుతుంది, ఊపిరితిత్తుల్లోకి వెళ్ళేది అదే, కాబట్టి చిమ్నీ పక్కన వాయువు కొలిచి తక్కువుందంటే సరిపోదు అన్నది ఎదుటివాళ్ళది. రసాయనశాస్త్రం వరకు చూస్తే రెండోవాళ్ళు చెప్పేది కాదనలేం. ఖర్చు ఎవరు భరించాలి అన్న దగ్గర మాత్రం ఇద్దరూ చేతులెత్తేస్తారు.

నాలుగు గంటలా, పద్నాలుగు గంటలా, నాలుగు రోజులా

బ్యాటరీ బొగ్గుని తప్పిస్తుందా అని అడిగితే, ఎన్ని గంటలకి అని తిరిగి అడగాలి. 1,000 మెగావాట్లు సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఇవ్వాలంటే 40 లక్షల యూనిట్లు దాచాలి. ఇది ఇప్పటి ధరల్లో అయ్యే పనే, అవుతోంది కూడా. అదే 1,000 మెగావాట్లు సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఎనిమిది దాకా అంటే 1.4 కోట్ల యూనిట్లు, మూడున్నర రెట్ల బ్యాటరీ, పైగా అవి నింపడానికి పగలు అన్ని ఎక్కువ ప్యానెళ్ళు. తుఫాను పట్టి నాలుగు రోజులు ఎండే రాకపోతే దాదాపు పదికోట్ల యూనిట్లు, ఏడాదికి ఒకట్రెండు సార్లు వాడే దానికోసం అంత బ్యాటరీ కొనడం ఏ డిస్కం వల్లా కాదు. మొదటిదానిలో బొగ్గు ఓడిపోతోంది, రెండోదానిలో పోటీ నడుస్తోంది, మూడోదానిలో ఇంకా బొగ్గూ నీళ్ళే దిక్కు. ఎవరైనా బొగ్గు అవసరం లేదు అన్నా, బొగ్గు లేకపోతే చీకటే అన్నా, ఈ మూడింట్లో దేని గురించి మాట్లాడుతున్నారో చూసుకోవాలి.

ఈ తేడా తేలాల్సిన కేసు ఒకటి మన ముందే ఉంది. 2014 విభజన చట్టం ప్రకారం తెలంగాణలో ఎన్టీపీసీ 4,000 మెగావాట్లు కట్టాలి. రామగుండంలో 800వి రెండు, అంటే 1,600 వచ్చాయి. మిగిలిన 2,400 మీద, ధర మీద, ఎప్పుడు కట్టాలన్నదాని మీద వాదోపవాదాలు నడుస్తూ వచ్చాయి. ఇలాంటి ఒప్పందం ఇవాళ సంతకం పెడితే ప్లాంటు పూర్తవడానికి ఐదారేళ్ళు, ఆ తర్వాత పాతికేళ్ళు ఫిక్స్‌డ్ చార్జీ, అంటే 2055 దాటేదాకా. విద్యుత్ నియంత్రణ మండలి విచారణలో ఇలాంటి పిటిషన్ మీద ఎవరైనా అభ్యంతరం వేయొచ్చు, అడగాల్సిన మొదటి కాగితం ఈ ప్లాంటు ఏడాదికి ఎన్ని గంటలు, ముఖ్యంగా ఏ నెలల్లో ఏ గంటలు నడుస్తుందని అంచనా వేశారు అన్నది. 85 శాతం అని రాసుంటే ఆ యూనిట్ ధర ఒకటి, 55 అయితే ఇంకొకటి.